కుప్ప తగ్గింది, ఎవరూ ఎత్తుకెళ్లలేదు: చంద్రా లోయ మొరైన్ మీద రెండేళ్ల డ్రోన్ సర్వే

బొగ్గు కుప్పలు కొలిచేవాళ్లకి ఒక సుఖం ఉంది. కిందటి నెలకంటే కుప్ప తగ్గిందంటే లారీలు ఎత్తుకెళ్లాయని అర్థం. ఎన్ని లారీలు వెళ్లాయో కాటా దగ్గర లెక్క ఉంటుంది. మన వాల్యూమ్ ఆ లెక్కకి దగ్గరగా వస్తే బిల్లు పాసవుతుంది, లేకపోతే ఫోన్లు మొదలవుతాయి. గోదావరి లోయ గనుల్లోనూ క్రషర్ల దగ్గరా డ్రోన్ ఎగరేసి కుప్పలు కొలవడమే చాలా ఏళ్లుగా నా బతుకుతెరువు. అలాంటి నన్ను తీసుకెళ్లి, దాదాపు నాలుగు వేల మీటర్ల ఎత్తున, లారీ మాట దేవుడెరుగు, మనిషే నాలుగు కాళ్ల మీద ఎక్కాల్సిన ఒక రాళ్ల గట్టు ముందు నిలబెట్టి కొలవమన్నారు. హిమానీనదం వదిలిన మొరైన్ అది. కొలిచిచ్చాక అడిగారు: "ఏడాదిలో ఇది అర మీటరుకు పైగా దిగింది అంటున్నారు. నిజంగా దిగిందా, మీ లెక్క తప్పా?"

ఈ రాతంతా ఆ ప్రశ్న గురించే.

చోటు హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్-స్పితి జిల్లా, చంద్రా నది లోయ. మనాలి నుంచి అటల్ టన్నెల్ దాటి, కోక్సర్, గ్రాంఫూ మీదుగా ఛత్రు, ఛోటా దఢా దాటితే బాతల్ వస్తుంది. అక్కడికి నడక దూరంలో ఉన్న ఒక చిన్న పక్క లోయ మా సైటు. డేటా నాది కాదు, నన్ను పిలిచిన యూనివర్సిటీ బృందానిది. అందుకే లోయ పేరు రాయడం లేదు. చుట్టుపక్కల మాత్రం అన్నీ పేరున్నవే. షిగ్రీ అంటే అక్కడివాళ్ల మాటలో హిమానీనదం. బడా షిగ్రీ దాదాపు 28 కి.మీ. పొడవు. 1836లో అది చంద్రా నదికే అడ్డుపడిందని పాత రికార్డుల్లో ఉంది. ఛోటా షిగ్రీ మీద 2002 నుంచి ఏటా మంచు ఎంత చేరింది, ఎంత కరిగింది అని కొలుస్తున్నారు. జియలాజికల్ సర్వేవాళ్లు వాకర్, పాస్కో 1906లోనే ఈ లోయలో ప్లేన్ టేబుల్ (అక్కడికక్కడే మ్యాపు గీసే బల్ల) పెట్టి హిమానీనదాల ముక్కులు ఎక్కడున్నాయో గీసి వెళ్లారు. రాత్రి టెంటులో వణుకుతూ ఆ సంగతి విన్నప్పుడు, నా హీటర్ సంచీ చూసి నాకే సిగ్గేసింది.

బృందానికి కావలసింది ల్యాండ్‌ఫార్మ్ మ్యాప్. హిమానీనదం వెనక్కి తగ్గుతూ వదిలిన రాళ్ల గట్లు, అంటే మొరైన్లు, ఎన్ని ఉన్నాయి, ఏది ముందరిది, ఏది తరవాతది, అన్నిటికంటే కొత్త గట్టులో ఇంకా ఐసు మిగిలి ఉందా లేదా. చంద్రా లోయలో పాత మొరైన్లకి వరస ఇదివరకే ఉంది: చంద్ర, బాతల్, కుల్టి, సోనాపానీ దశలు. బండరాళ్ల మీద బెరీలియం-10 (రాయి మంచులోంచి బయటపడి ఎన్నేళ్లయిందో చెప్పే గుర్తు) కొలిచి, బాతల్ దశ సుమారు 15 వేల నుంచి 12 వేల ఏళ్ల కిందటిదని, కుల్టి ఇంచుమించు 11, 10 వేల ఏళ్ల నాటిదని తేల్చారు. మా పక్క లోయలో ఉన్న గట్లు ఆ వరసలో ఎక్కడ కూర్చుంటాయన్నది బృందాన్ని నడిపే మేడమ్ పని. గట్లకి సరైన ఆకారం, సరైన ఎత్తు ఇవ్వడం నా పని. ఉచితంగా దొరికే ఉపగ్రహ ఎత్తుల డేటా 30 మీటర్ల గడులది. ఐదారు మీటర్ల వెడల్పున్న గట్టు అందులో కనపడదు, పక్కనున్న పల్లంతో కలిసిపోతుంది. డ్రోన్ అవసరం అక్కడ.

సామాను, గాలి, బ్యాటరీ

కిలోన్నర లోపు బరువున్న ఆర్టీకే (తన చోటుని సెంటీమీటర్లలో తెలుసుకునే) క్వాడ్‌కాప్టర్ తీసుకెళ్లాం. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం ఇది మైక్రో తరగతి. జోన్ మ్యాప్, యుఐఎన్ (డ్రోన్ రిజిస్ట్రేషన్ నంబరు), పైలట్ సర్టిఫికెట్, జిల్లా అధికారులకి ఉత్తరం... ఇవన్నీ బయల్దేరే ముందే చూసుకోవాలి, బాతల్‌లో జిరాక్స్ షాపు ఉండదు. ఒక్కో బ్యాటరీ 89 వాట్ అవర్లు. వంద లోపు కాబట్టి విమానంలో చేతి సంచీలో పెట్టనిస్తారు, చెకిన్ బ్యాగులో పెట్టనివ్వరు. పది బ్యాటరీలు సంచీలో చూసి శంషాబాద్ సెక్యూరిటీ అతను నన్ను ఎగాదిగా చూశాడు.

నాలుగు వేల మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండొంతులే. రెక్కలు ఎక్కువ తిరగాలి, కరెంటు ఎక్కువ తాగుతుంది. డబ్బా మీద ముప్పై నిమిషాలని ఉన్న బ్యాటరీతో, ముప్పై శాతం మిగిలుండగానే దింపే అలవాటున్న నాకు దొరికింది పదిహేను, పదహారు నిమిషాలు. చలికి లిథియం బ్యాటరీ ఇంకా మొండికేస్తుంది. బ్యాటరీ ఇరవై డిగ్రీల కంటే చల్లగా ఉంటే నేను ఎక్కించను. నా వెంట వచ్చిన కుర్రాడిది మంచిర్యాల. మొదటి రాత్రే అడిగాడు: "అన్నా, బ్యాటరీలు కడుపుల పెట్టుకొని పండాల్నా?" అవును, స్లీపింగ్ బ్యాగులో పెట్టుకునే పడుకున్నాం.

పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదకొండు వరకే మా పని. ముందైతే నీడలు పొడవు, గట్టు నీడలో పడ్డ రాళ్లని సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు. తరవాతైతే లోయలో గాలి లేస్తుంది, మధ్యాహ్నానికి కరుగునీరు పెరిగి నాలా దాటడమే కష్టమవుతుంది. నేల నుంచి వంద మీటర్ల ఎత్తు, ఫొటోలో ఒక పిక్సెల్ అంటే 2.7 సెం.మీ. నేల. ముందుకి ఎనభై శాతం, పక్కకి డెబ్బై శాతం ఓవర్‌ల్యాప్. సైటు 1.4 చదరపు కి.మీ. నిట్టనిలువు ఫొటోలే దాదాపు 1,600, ఎనిమిది ఫ్లైట్లు, మూడు పొద్దులు. గనుల్లో నేల చదును కాబట్టి ఎత్తు ఒకసారి పెట్టి వదిలేస్తాం. ఇక్కడ నేలని అనుసరించి ఎగరాలి. ఆ నేల మోడల్ కూడా 30 మీటర్ల డేటానే కాబట్టి గట్టు శిఖరాన్ని అది ఉన్నదానికంటే తక్కువ ఎత్తులో చూపిస్తుంది. పదిహేను మీటర్లు అదనంగా వదిలి ఎగరేయండి. నేను వదల్లేదు. మొదటి ఫ్లైట్‌లో ఒక బండరాయి మీదుగా వెళ్లిన తీరు చూసి నా గుండె నోట్లోకి వచ్చింది.

పదకొండు గుర్తులు

2022 సెప్టెంబర్‌లో మొదటి సర్వే. మొబైల్ సిగ్నల్ లేదు, కాబట్టి బేస్, అంటే ఒకేచోట కదలకుండా ఉండే జీపీఎస్ రిసీవర్, మనదే పెట్టుకోవాలి. మట్టిలో కాకుండా పాదు శిలలో (నేలలో భాగమైన, కదలని రాయిలో) బోల్టు దిగ్గొట్టి, దాని మీద బేస్ నిలబెట్టి ఆరు గంటలు స్టాటిక్ డేటా తీశాం. తిరిగొచ్చాక దాన్ని ప్రపంచవ్యాప్త ఐజీఎస్ స్టేషన్లతో (చోటు కచ్చితంగా తెలిసిన శాశ్వత జీపీఎస్ కేంద్రాలతో) ముడిపెట్టాం. అలాంటి స్టేషన్ ఒకటి మా ఊళ్లోనే, హబ్సిగూడ ఎన్‌జీఆర్‌ఐ ఆవరణలో ఉంది. ఎత్తులన్నీ ఎలిప్సాయిడ్ ఎత్తులే (జీపీఎస్ నేరుగా ఇచ్చేవి) ఉంచాం. తేడా తీయడమే పని అయినప్పుడు జియాయిడ్‌ని (సముద్రమట్టం లెక్కని) మధ్యలోకి లాగి ఇంకో గందరగోళం తెచ్చుకోనక్కర్లేదు.

నేల మీద పదకొండు కంట్రోల్ పాయింట్లు (మోడల్‌ని నేలకి కట్టిపడేసే, ముందే కొలిచిన గుర్తులు), పసుపు పెయింటుతో ఇంటూ మార్కులు. ఆరు పాదు శిల మీద పడ్డాయి. మంచు ఒకవైపు నున్నగా రుద్ది, రెండోవైపు పెళ్లలు పీకేసిన రాతి గుట్టలు ఆ లోయలో చాలా ఉన్నాయి. జియాలజీవాళ్లు రోష్ మూటొనే అంటారు. గుర్తు వేయడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. మిగతా ఐదూ కొత్త మొరైన్ మీదే, మంచం అంత చదునైన బండరాళ్ల మీద వేశాం. కదలకుండా గట్టిగా ఉన్నాయి, ఎక్కి గెంతి మరీ చూశాం. రాయి కదల్లేదు. రాయి కింద ఉన్నది ఏమిటని అడగలేదు.

2023 జులైలో హిమాచల్‌లో పెద్ద వానలు. చంద్రతాల్ దగ్గర వందల మంది పర్యాటకులు చిక్కుకుపోయారు, రోడ్లు తెగాయి. సెప్టెంబర్‌లో మేం చేరేసరికి ఉన్న రోజులు తక్కువ. రెండో రోజు మధ్యాహ్నం మంచు పడింది. రోవర్‌తో (కర్ర మీద మోసుకు తిరిగే రిసీవర్‌తో) ఏడు గుర్తులు మళ్లీ కొలిచాం, నాలుగు మిగిలిపోయాయి. పెయింటు చెక్కుచెదరలేదు, ఫొటోల్లో చక్కగా కనపడుతోంది. గనుల అలవాటు: పిల్లర్ అక్కడే ఉంటే కోఆర్డినేటూ అదే. ఆ నాలుగింటికీ కిందటేడాది కోఆర్డినేట్లు వేసేశాను.

హైదరాబాద్ వచ్చి ప్రాసెసింగ్‌లో పెడితే మూడు పాయింట్ల పక్కన ఎర్ర అంకెలు: 38, 52, 61 సెం.మీ. తప్పు. మిగతావన్నీ ఐదు లోపే. ముందు బేస్ మీద అనుమానం వచ్చింది. యాంటెన్నా ఎత్తు నిట్టనిలువుగా కొలిచామా, ఏటవాలుగానా? ఫీల్డ్ పుస్తకం తిరగేశాను. రైనెక్స్ ఫైళ్లు (రిసీవర్ ముడి డేటా) మళ్లీ దించాను. పీపీకే (ఇంటికొచ్చాక చోట్లు సరిచేసే లెక్క) రెండుసార్లు నడిపాను. రెండు రోజులు పోయాయి. మా కుర్రాడు టీ తెచ్చి పెడుతూ తెర వైపు చూశాడు. "గీ మూడు సూడన్నా. మూడూ గా గట్టు మీదియే." పాత కోఆర్డినేటు వేసిన నాలుగో గుర్తు రాతి గుట్ట మీదిది. దాని తప్పు 3 సెం.మీ.

గుర్తులు కదల్లేదు. గుర్తులున్న గట్టే కదిలింది. నేను రెండు రోజులు తప్పని వెతికింది మాకు కావలసిన కొలతే.

ఆ మూడింటినీ కంట్రోల్‌లోంచి తీసేసి మళ్లీ నడిపాను. రెండేళ్ల ఎత్తుల మోడళ్లు ఒకదాంట్లోంచి ఒకటి తీసివేస్తే, సైటు మధ్యలో గట్టు పొడవునా నీలం రంగు మరక: అర మీటరు నుంచి ముప్పావు మీటరు దిగుడు. మ్యాప్ మేడమ్‌కి పంపాను. మర్నాడు మొదట్లో చెప్పిన ప్రశ్న వచ్చింది.

నిజమా, తప్పా

ఆ అనుమానం ఊరికే వచ్చింది కాదు. డ్రోన్‌తో ఒకే దిక్కుగా, కిందికే చూస్తూ తీసిన ఫొటోలతో ఒక పాత జబ్బు ఉంది. లెన్స్ వంపుని సాఫ్ట్‌వేర్ కాస్త తప్పుగా అంచనా వేస్తే, మోడల్ మొత్తం గిన్నె బోర్లించినట్టో వెల్లకిలా పెట్టినట్టో వంగుతుంది. అంచుల్లో సరిపోతుంది, మధ్యలో తేడా వస్తుంది. మా గట్టు సరిగ్గా మధ్యలోనే ఉంది. దిగుడూ మధ్యలోనే ఉంది. కుప్పలు కొలిచేటప్పుడు ఈ జబ్బు ఎప్పుడూ పట్టించుకోలేదు. వంద మీటర్ల కుప్పకి వచ్చే వంపు ఎంతని. కిలోమీటరు దాటిన సైటులో అది సెంటీమీటర్లలో ఆగదు.

మూడు చోట్ల చూశాం. మొరైన్‌కి ఆనుకుని, సైటు మధ్యలోనే, ఒక రాతి గుట్ట పైకి పొడుచుకొచ్చి ఉంది. మోడల్ వంగి ఉంటే ఆ గుట్ట కూడా దిగాలి. దాని మీద రెండేళ్ల తేడా 4 సెం.మీ. రెండోది, అదృష్టం: మొదటి ఏడాది మేడమ్ పీపీటీ కోసమని గట్టు చుట్టూ ఏటవాలుగా మూడొందల ఫొటోలు తీశాను. ఆ ఏటవాలు ఫొటోలు కలిపితే లెన్స్ లెక్క కుదుటపడుతుంది. అవి కలిపి, రెండేళ్ల ఫొటోలూ ఒకే ప్రాజెక్టులో అలైన్ చేసి, తరవాత ఏడాదివారీగా విడదీసి మోడళ్లు కట్టాం. నీలం మరక కాస్త సన్నబడింది, పోలేదు. ఇకపై ఏటవాలు ఫొటోలు నా కొటేషన్‌లో మామూలు పనిలో భాగం, అదనం కాదు.

మూడోది ఎప్పుడో చూడాల్సింది. రెండో ఏడాది రోవర్‌తో మళ్లీ కొలిచిన ఏడింటిలో రెండు మొరైన్ మీదివే. కొత్త కోఆర్డినేట్లు ఎక్కించానే గానీ, పాతవాటితో పక్కపక్కన పెట్టి చూడలేదు. పెడితే ఒకటి 54, ఇంకొకటి 61 సెం.మీ. దిగింది. రెండూ వాలు వైపు ఇరవై సెం.మీ. దాకా జరిగాయి. ఇందులో ఫొటో లేదు, లెన్స్ లేదు, గిన్నె లేదు. ఇనప కర్ర మీద రోవర్ చెప్పిన మాట. అవే చోట్ల మోడళ్ల తేడా 49, 66.

ఎంతకంటే తక్కువ తేడాని నమ్మకూడదో కూడా చెప్పాలి. కదలని శిల మీద చెక్ పాయింట్లతో (మోడల్ కట్టడానికి వాడకుండా సరిచూడ్డానికే ఉంచిన చోట్లతో) మొదటి ఏడాది మోడల్ చెదురు 6 సెం.మీ., రెండో ఏడాది 8. రెంటినీ వర్గాలు చేసి కూడి వర్గమూలం తీస్తే 10. దాన్ని 1.96తో హెచ్చిస్తే దాదాపు 20. ఆ లోపు ఏ రంగూ మ్యాప్ మీద ఉంచలేదు. కొత్త మంచు పడ్డ ఉత్తరపు వాలులు కూడా కత్తిరించేశాం. మ్యాప్‌లో చిల్లులు పడ్డాయి. ఫరవాలేదు.

ఐసు ఉందనడానికి కళ్లతో చూసిన సాక్ష్యం ఆర్థోఫోటోలో (ఫొటోలన్నీ అతికి మ్యాపులా సరిచేసిన చిత్రంలో) మొదటి నుంచీ ఉంది. నేనే గుర్తించలేదు. గట్టు లోపలి వాలులో, జారిన చోట, నల్లగా తడిసిన చారిక. నీడ అనుకుని వదిలేశాను. రెండో ఏడాది నడిచి వెళ్తే అది బురద పట్టిన ఐసు గోడ, నిలువెత్తున. మీద అర మీటరు మందం రాళ్లు, గోడ మొహం మీద నీళ్లు, నిమిషానికో గులకరాయి టప్పుమని రాలుతోంది. గట్టు శిఖరం మీద దానికి సమాంతరంగా పగుళ్లు, అరచేయి పట్టేంత వెడల్పు. పలచటి రాళ్ల పొర కింద ఐసు త్వరగా కరుగుతుంది, మందమైన పొర కింద నెమ్మదిగా కరుగుతుంది అని గున్నార్ ఓస్ట్రెమ్ 1959లోనే కొలిచి చెప్పారు. మొరైన్ గట్లలో ఐసు ఎందుకు దాగి ఉంటుందో కూడా ఆ పేపర్‌లోనే ఉంది. పొర జారిపోయి ఐసు బయటపడ్డ చోట గట్టు వేగంగా దిగుతుంది. మా మ్యాప్‌లో ముదురు నీలం అంతా అలాంటి జారుళ్ల చుట్టూనే ఉంది.

మేం తిరిగొచ్చిన కొద్ది వారాలకే, 2023 అక్టోబర్ మొదటి వారంలో, సిక్కింలో సౌత్ లోనాక్ సరస్సు తెగింది. తీస్తా మీద చుంగ్‌థాంగ్ డ్యామ్ కొట్టుకుపోయింది. సరస్సు పక్కనున్న గడ్డకట్టిన మొరైన్ పెద్ద ముక్క నీళ్లలోకి కూలడం దానికి కారణమని తరవాత తేల్చారు. మా లోయలో సరస్సు లేదు. అయినా ఆ వార్త తరవాత బృందంలో ఎవరూ నా నీలం మరకని తేలిగ్గా తీసుకోలేదు.

చెరిపేసిన రెండు గట్లు

హిల్‌షేడ్ చేసి, అంటే ఎత్తుల మోడల్ మీద పక్క వెలుతురు వేసి, చూస్తే గట్లు కళ్లకి కట్టినట్టు కనపడతాయి. చేతికి పెన్ను వచ్చేస్తుంది. నేను ఏడు గట్లు గీసి పంపాను, మేడమ్ రెండు కొట్టేశారు. ఒకటి చూడ్డానికి అచ్చం మొరైనే. లోయకి అడ్డంగా వంపు తిరిగిన విల్లు, ముందు వైపు ఏటవాలు. రెండో ఏడాది అక్కడికి తీసుకెళ్లి చూపించారు. రాళ్లన్నీ ఒకే జాతివి, అంచులు కత్తుల్లా ఉన్నాయి, మధ్యలో సన్నమట్టి లేదు. పైనున్న కొండ చరియ విరిగి పడ్డ కుప్ప అది. హిమానీనదం తెచ్చిన మట్టిలో అయితే పైలోయలోని రకరకాల రాళ్లు కలగలిసి ఉంటాయి, పిండిలాంటి మట్టిలో ఇరుక్కుని ఉంటాయి, కొన్నింటి మొహాలు చదునుగా అరిగి గీతలు పడి ఉంటాయి. కారకోరంలో మొరైన్లని రాసుకున్నవి చాలా నిజానికి కొండ విరిగిన కుప్పలేనని కెనెత్ హ్యూయిట్ 1999లో చూపించారట. పిక్సెల్ 2.7 సెం.మీ. అయినా ఒకటైనా ఈ తేడా పైనుంచి పట్టుకోలేదు. అందుకే ఇప్పుడు ల్యాండ్‌ఫార్మ్ పొరలో ఒక కాలమ్ పెట్టాను: "నడిచి చూసింది / చూడనిది". మా మ్యాప్‌లో మూడో వంతు ఇంకా చూడనిదే.

అలాంటి గీతలు పడ్డ ఒక రాయి చేతిలో పెట్టి మేడమ్ అడిగారు, మీ బొగ్గు గనుల్లో ఇవి చూడలేదా అని. గోదావరి లోయ బొగ్గు పొరల కింద తాల్చిర్ పొరలున్నాయి, దాదాపు 30 కోట్ల ఏళ్ల నాటివి, హిమానీనదాలు వదిలిన బండరాళ్లూ మట్టీను. చంద్రపూర్ దగ్గర ఇరాయిలో అప్పటి మంచు గీసిన గీతలు సున్నపురాయి మీద ఇప్పటికీ ఉన్నాయి. నేను ఇన్నాళ్లూ పైనున్న బొగ్గే కొలిచాను. కుర్రాడు వెంటనే ఇంటికి ఫోన్ చేసి చెబుదామనుకున్నాడు గానీ సిగ్నల్ లేదు.

రిపోర్టు

ఇచ్చినవి: రెండేళ్ల ఆర్థోఫోటోలు, పది సెం.మీ. గడుల ఎత్తు మోడళ్లు, తేడా మ్యాప్, ఐదు గట్ల ల్యాండ్‌ఫార్మ్ మ్యాప్. కంట్రోల్ పాయింట్ల పట్టికలో శిల మీదివి, మొరైన్ మీదివి వేరు చేశాం. వచ్చేసారికి శిల మీది గుర్తులు పసుపు, మొరైన్ మీదివి ఎరుపు. ఎర్రవి కంట్రోల్‌గా వాడం, కదలిక కొలవడానికే. ఎన్ని రోజులు తగ్గినా ఎర్రవి ముందు కొలుస్తాం.

స్టాక్‌పైల్ రిపోర్టులో చివరి వరస ఎప్పుడూ ఘనపు మీటర్లే. అలవాటు కొద్దీ ఇందులోనూ ఆ వరస పెట్టి, దిగిన ఎత్తుని విస్తీర్ణంతో హెచ్చించి అంకె వేశాను, పక్కన "కరిగిన ఐసు" అని రాశాను. మేడమ్ ఆ వరస చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి పంపారు. గట్టు దిగడమే కాదు, వాలు వైపు జరిగింది కూడా. దిగినదాంట్లో కరిగింది ఎంత, కిందికి జారిన రాళ్లు ఎంత అన్నది రెండు సర్వేలతో విడదీయలేం. గడి అలాగే ఉంచి, అంకె తీసేసి పంపాను. అకౌంట్సులో ఉండే మా బావమరిది రిపోర్టు చూసి, ఆఖరి లైను టైపు చేయడం మర్చిపోయావు బావా అన్నాడు.